ఇటుకబట్టీ మీద చుట్టాలు

ప్రాణం లేని వస్తువు ఒక్కటి ఇంటి నుంచి తెమ్మన్నాను. నేను అడిగింది అంతే. హైస్కూలు మొదటి తరగతి, సీనియర్ వన్‌లో నలభై మూడు మంది పిల్లలుంటే నలభై రెండు మంది బుద్ధిగా చెంచాలు, తెగిన చెప్పులు, సీసా మూతలు తెచ్చారు. నముబిరు మాత్రం నెత్తిన అరటాకు చుట్ట పెట్టుకుని, దానిమీద తన తలకన్నా పెద్దదైన మట్టిగడ్డను మోసుకొచ్చి నా బల్లమీద ధబ్బున దించింది.

"ఇంకేం దొరకలేదటే మీ ఇంట్లో?" అన్నాను.

"ఇదే దగ్గర్లో ఉంది టీచర్. మా నాన్న బట్టీ దగ్గర కుప్పలు కుప్పలున్నాయి."

నముబిరు తండ్రి ముత్యాబా ఇటుకలు కాలుస్తాడు. మాదీ వాళ్ళదీ ఒకటే వంశం కాబట్టి వరసకు నాకు తమ్ముడవుతాడు. ఆ లెక్కన ఈ పిల్లకు నేను మేనత్తను, కానీ బడి గేటు దాటి లోపలికొచ్చాక చుట్టరికాలు చెల్లవని మొదటిరోజే చెప్పేశాను. నా నోటి దురుసు సంగతి కిటోసి చిత్తడి చుట్టూ ఉన్న నాలుగూళ్ళకీ తెలుసు.

బోర్డు మీద ప్రాణం గల వాటి లక్షణాలు ఏడూ రాశాను. కదలాలి, ఊపిరి పీల్చాలి, తినాలి, విసర్జించాలి, పెరగాలి, తనలాంటి వాటిని పుట్టించాలి, ముట్టుకుంటే స్పందించాలి. ఇరవయ్యారేళ్ళుగా ఇదే జాబితా చెబుతున్నాను. నిద్రలో లేపి అడిగినా ఒప్పజెబుతాను.

"ఈ మట్టిగడ్డ తింటుందా?" అని అడిగాను.

"తినదు టీచర్!" అన్నారు అందరూ.

"కదులుతుందా? పిల్లల్ని కంటుందా?"

"కనదు టీచర్!" నవ్వులు. నముబిరు కూడా నవ్వింది.

సరే, గడ్డ ఎలాగూ వచ్చింది కదా అని దానితోనే నీళ్ళ పాఠం కూడా మొదలుపెట్టాను. నీలం బేసినులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి గడ్డను అందులో నిలబెట్టాను. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. గడ్డ అడుగున తడి నల్లగా మొదలైంది. చూస్తుండగానే ఆ నలుపు అంచు పైకి పాకింది. ఒక వేలు, రెండు వేళ్ళు, జానెడు.

"నీరు పల్లమెరుగు అంటారు గదా, మరి ఇదేంటి? ఎవరు తోస్తున్నారు దీన్ని పైకి?" అన్నాను. చెప్పొద్దూ, ఇన్నేళ్ళయినా ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు పులకరిస్తుంది. నీటికి మట్టిని అంటుకునే గుణం ఉంది, తనను తాను పట్టుకుని ఉండే గుణమూ ఉంది. సన్నని సందు దొరికితే చాలు, ముందున్న బొట్టు మట్టిని పట్టుకుని పైకెక్కుతుంది, వెనకున్న బొట్టు దాని కొంగు పట్టుకుని వెళుతుంది.

తడి అంచు గడ్డ పైదాకా చేరింది. అక్కడ వేలు పట్టేంత చిన్న రంధ్రం ఒకటి ఉంది. ఏ వేరో కుళ్ళి పడిన సందు అనుకున్నాను. ఆ రంధ్రంలోంచి "ప్చక్" మని చప్పుడు వచ్చింది.

"ఎవర్రా ఆ చప్పుడు?" అని గదమాయించాను.

"ప్చక్" మని మళ్ళీ వచ్చింది. ఆ తరువాత గడ్డ దగ్గింది. అంతకంటే సరైన మాట నాకు తట్టడం లేదు. ముసలివాళ్ళు పొద్దున్నే దగ్గినట్టు దగ్గి, ఒక పక్కకు విరిగి, బేసినులో కూలింది. లోపల గోధుమరంగు కాగితంలాంటి పొర చినిగింది. అందులోంచి మూర పొడవున్న చేప, దారాల్లాంటి నాలుగు రెక్కలతో మెలికలు తిరుగుతూ నీళ్ళలోకి జారింది.

బెంచీలెక్కిన వాళ్ళు బెంచీలెక్కారు, కిటికీ దూకిన వాళ్ళు కిటికీ దూకారు. అందరికన్నా ముందు కుర్చీ ఎక్కింది నేనే, అబద్ధమెందుకు.

"మాంబ!" అని కేక పెట్టింది నముబిరు. అరిచిన మరుక్షణం, పెద్దవాళ్ళు ఎదురైతే చేసినట్టే మోకాళ్ళ మీద కూర్చుని దానికి దండం పెట్టేసింది. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే మా వంశం పేరు మాంబ. ఆ చేప పేరే మా పేరు. మేం దాన్ని పట్టం, చంపం, తినం. అది మాకు తోబుట్టువు. ఆ తరగతిలో పద్నాలుగు మంది మాంబవాళ్ళున్నారు, నాతో కలిపి పదిహేను.

నేను కుర్చీ దిగాను. భయం పోయి సంతోషం పట్టలేకపోతున్నాను. ఎండాకాలం చిత్తడి ఎండితే మాంబ బురదలోకి దిగి, తన జిగురుతో తనే పొర అల్లుకుని, తోక మొహం మీద కప్పుకుని, వానలొచ్చేదాకా పడుకుంటుందని పుస్తకంలో చదివాను, పిల్లలకూ చదివి వినిపించాను. కళ్ళతో చూడటం ఇదే. అరగంట కిందట దాన్ని ముందు పెట్టుకుని, తినదు, కదలదు, ప్రాణం లేదు అని నలభై మూడు మంది చేత అనిపించాను!

"అత్తా" అంది నముబిరు. కంగారులో టీచర్ అనడం మరిచిపోయింది. దాని మొహం పాలిపోయింది. "అత్తా, ఇట్టాంటి గడ్డలే నాన్న బట్టీ పైన కప్పాడు. వాటిక్కూడా ఇట్టాగే పైన ముక్కుల్లా బొక్కలున్నాయి, నేను చూశా."

"నిప్పెప్పుడు పెడతాడు?"

"పొద్దున్నే పెట్టేశాడు."

హెడ్మాస్టరుకు చెప్పానో లేదో నాకు గుర్తులేదు. నేలదాకా ఉన్న గొమేసి గౌను కుచ్చిళ్ళు పైకి దోపుకుని యాభై రెండేళ్ళ నేను ముందు, నలభై మూడు మంది పిల్లలు వెనక, చిత్తడి వైపు పరుగు తీశాం.

బట్టీ రెండు నిలువుల ఎత్తుంది. అడుగున మూడు సొరంగాల్లో దుంగలు మండుతున్నాయి. పైనుంచి తెల్లటి పొగ లేస్తోంది. ముత్యాబా నీడలో కూర్చుని కాల్చిన మొక్కజొన్న కంకి తింటున్నాడు. మామూలుగా బట్టీ పైన గడ్డి పరిచి తొక్కిన బురద మెత్తుతారు. ఈ ఏడు నెలల తరబడి వాన లేదు, బురద తొక్కడానికి నీళ్ళు మైలు దూరం నుంచి మోయాలి. అందుకని ఎండిన చిత్తడి అడుగును పారతో గడ్డలు గడ్డలుగా కోసి పైన పేర్చేశాడు. తొక్కి ఉంటే కాలికి చేప తగిలేది. తొక్కకపోవడమే కొంప ముంచింది.

"బట్టీ విప్పు!" అన్నాను రొప్పుతూ.

"ఏంటక్కా, ఎండ దెబ్బ తగిలిందా? అంటుకున్న బట్టీ విప్పమంటావేంటి? ఏడాది కష్టమంతా పగిలి పెంకులైపోద్ది."

"పైన కప్పిన గడ్డల్లో మాంబలున్నాయి రా. నీ తోబుట్టువుల్ని కాలుస్తున్నావు."

కంకి చేతిలోంచి జారింది. నముబిరు వైపు చూశాడు, అది తల ఊపింది. "నేనే కోశాను," అన్నాడు తన రెండు చేతులూ చూసుకుంటూ. "ఈ చేత్తోనే కోశాను." ఎకాయెకీ లేచి నీళ్ళ డబ్బా అందుకుని బట్టీ సొరంగం వైపు పరిగెత్తాడు.

"ఆగు! నీళ్ళు పోయకు!" అరిచాను. "ఆవిరి గుప్పున పైకి లేస్తుంది. చేపలు కాలకపోయినా ఉడికిపోతాయి."

"మరేం చెయ్యను? చెప్పు, ఏం చెయ్యను?"

"నా మాట విను. నీళ్ళున్న కుండ పొయ్యిమీద పెడితే ఎంతసేపటికి కాగుతుంది? ఉత్త కుండ ఎంతసేపటికి కాలుతుంది?"

"ఉత్తదైతే చిటికెలో."

"నీటికి వేడెక్కడమంటే మహా బద్ధకం. ఎంత మంట పెట్టినా తాపీగా వేడెక్కుతుంది, ఆవిరవ్వాలంటే ఇంకా బోలెడు మంట తాగుతుంది. నీ ఇటుకల్లో ఇంకా తడి ఉంది. ఆ తడిని తరిమేదాకా వేడి పైకి రాదు."

ముత్యాబా బట్టీ పైకి చూశాడు. ఇది అతనికి తెలియని సంగతేం కాదు. "చెమట పడుతోంది," అన్నాడు నెమ్మదిగా. "పొగ తెల్లగా ఉన్నంతసేపూ బట్టీకి చెమట అంటాం. చెమట ఆరితే పొగ నల్లబడద్ది. సాయంత్రం దాకా ఆరదు." అంటూనే మొహం మళ్ళీ వాడిపోయింది. "రెండొందల గడ్డలున్నాయి పైన. అన్నీ తీసేస్తే బట్టీ నోరు తెరుచుకుని ఇటుకలు పచ్చిగా ఉండిపోతాయి. వేర్లు కుళ్ళిన బొక్కలు అన్నిటికీ ఉన్నాయి, ఏ గడ్డలో చేపలున్నాయో ఎట్టా తెలుస్తది?"

"నన్నడగండి" అని వెనకనుంచి ఒక గొంతు.

అతను మంగేని. ముత్యాబా దగ్గర కూలీ. తూర్పున పెద్ద సరస్సు ఒడ్డు సామియా తెగవాడు. వాళ్ళకు ఏ పట్టింపూ లేదు, మాంబ కూర దొరికితే పండగ. కుంపటి మీద బీన్స్ గింజలు ఉడకేసుకుని, పక్కన కూర్చుని మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు.

"మీ అన్నదమ్ములు భలే రుచిగా ఉంటారు టీచరమ్మా. పొగబెట్టి, వేరుసెనగ పిండేసి వండితే వేళ్ళు కూడా మిగలవు."

"నోర్ముయ్" అన్నాను.

"మూస్తే మీకే నష్టం. ఎండాకాలం వీటిని తవ్వి తినే కదా నేను ఇంతవాణ్ణయ్యింది. గడ్డలో ఉందో లేదో నేను చెప్తాను. కానీ ఒప్పందం చేసుకుందాం. బతికున్నవి మీవి, చచ్చినవి నావి. రెండు నెల్లుగా మొక్కజొన్న పోషో సంకటి, బీన్స్, పోషో సంకటి, బీన్స్. నా నాలుక మీద నాకే జాలేస్తంది."

ముత్యాబా నా వైపు చూశాడు. తోబుట్టువు శవాన్ని కూరకిస్తానని ఏ మాంబవాడూ నోరారా అనలేడు. అలాగని బేరం ఆడుతూ కూర్చుంటే బతికున్నవీ పోతాయి. "సరే" అన్నాడు.

మంగేని ఒక ఎండిన సొరకాయ బుర్ర తీసుకుని నిచ్చెనెక్కాడు. వెనకే ముత్యాబా, అతని వెనక నేను. మూడో మెట్టు మీద నిచ్చెన మూలిగింది. "టీచరమ్మా, మీరెక్కితే నిచ్చెన కూడా ప్రాణమున్నదే అని తేలిపోద్ది" అన్నాడు మంగేని. కింద పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు కోపం రావాలి, రాలేదు, తీరిక లేదు.

"అందరూ ఊపిరి బిగబట్టండి" అని మంగేని బుర్రను ఒక గడ్డకు ఆనించి, పది వేళ్ళతో దానిమీద వాయించాడు. టప టప టప. చినుకులు. కళ్ళు మూసుకుంటే వాన పడుతోందనే అనుకుంటాం. మంగేని చెవి గడ్డకు ఆనించి విన్నాడు. తల అడ్డంగా ఊపి పక్క గడ్డకు జరిగాడు. టప టప టప. లేదు. ఇంకొకటి. లేదు. కింద దుంగలు చిటపటమంటున్నాయి, పొగ కళ్ళు మండిస్తోంది.

పదిహేనో గడ్డ. టప టప టప.

"ప్చక్."

నలభై మూడు గొంతులు ఒక్కసారిగా కేక పెట్టాయి. "అరిస్తే ఎట్టా వినపడద్దర్రా!" అని మంగేని తిట్టాడు, కానీ అతని పళ్ళన్నీ బయటే ఉన్నాయి. ముత్యాబా గడ్డను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. నేను అందుకుని కిందకిచ్చాను. అరటాకుల మీద చేతులు మారుతూ అది నీడలో, డబ్బా నీళ్ళు పోసి ఉంచిన బట్టీ బేసిను దాకా వెళ్ళింది. ఖాళీ అయిన చోట తడిపిన గడ్డి కుక్కి మట్టి మెత్తాడు ముత్యాబా. రెండోది దొరికింది. మూడోది దొరికింది. నాలుగోదానికి బుర్ర ఆనించగానే అదే ముందు పలికింది. పిల్లలు ఈసారి నోరు చేత్తో మూసుకుని గెంతారు. నా జీవితంలో అంత మంచి పాఠం నేనెప్పుడూ చెప్పలేదు, అసలది నేను చెప్పింది కూడా కాదు.

అన్నీ వాయించాక చివరిగా మిగిలిన గడ్డ అంచున ఉంది, సరిగ్గా నడిమి సొరంగం పైన. అన్నిటికన్నా పెద్దది. పైన నున్నటి అంచుతో రంధ్రం ఉంది. "ఇది గూడే, అనుమానం లేదు," అన్నాడు మంగేని. వాయించాడు. చప్పుడు లేదు. మళ్ళీ వాయించాడు. చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. గడ్డ కాఫీ కప్పులా వేడెక్కి ఉంది.

"అయిపోయింది," అన్నాడు. "ఇది నాది."

"అప్పుడే కాదు," అన్నాను. "నీళ్ళలో పెట్టి చూద్దాం. నీ గింజలు ఉడికేదాకా ఆగు."

"ఆగుతా. ఎటూ చచ్చిందే, ఎక్కడికీ పోదు."

కిందికి దించి బేసినులో పెట్టాం. నీళ్ళు ఎప్పటిలాగే పైకి పాకాయి. గడ్డ మెత్తబడి జారింది, పొర చినిగింది. నా చేతి పొడవున్న మాంబ, తోక మొహం మీద కప్పుకుని ముడుచుకునే ఉంది. పక్కన బేసిన్లలో నాలుగు చేపలు మూతులు పైకెత్తి గాలి గుటకలేస్తున్నాయి. ఇది కదలలేదు. గడ్డిపోచతో కళ్ళ దగ్గర తాకాను. చర్మం గిల్లాను. ముక్కు దగ్గర నా కళ్ళద్దం పెట్టి చూశాను, ఆవిరి పట్టలేదు. నా జాబితాలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. పిల్లలు నా మొహం వైపు చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. నలభై మూడు మంది ముందు ఏడిస్తే ఏడిచిందనుకుంటారులే అని ఏడ్చాను కూడా.

గింజల కుండ మూత ఎగిరెగిరి పడుతోంది. ముత్యాబా లేచి జమ్ము వైపు తిరిగి నిలబడ్డాడు. "మాట మాటే, మంగేనీ," అన్నాడు ఇటు చూడకుండా. "తీసుకుపో. నా కళ్ళెదుట మాత్రం కొయ్యకు."

మంగేని కత్తి తీసుకుని వచ్చి, బేసినులోంచి చేపను ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచేతి బొటనవేలు గొంతు కింద మొప్పల మధ్య దూర్చాడు. కత్తి ఆనించాడు.

ఆనించి, ఆగిపోయాడు.

అలాగే ఉండిపోయాడు. కన్ను ఆర్పడం లేదు.

"ఛ," అన్నాడు చివరికి. "బతికే ఉంది."

ముత్యాబా వెనక్కి తిరగలేదు. "జాలిపడి అబద్ధాలాడకు. తీసుకుపొమ్మన్నాగా."

"జాలా? నీ మీద నాకెందుకయ్యా జాలి?" మంగేనికి నిజంగానే కోపమొచ్చింది. "గుండె కొట్టుకుంటంది! ఇదిగో... ఉండు... ఇదిగో మళ్ళీ! వందల చేపల గొంతు పట్టుకున్న వేలయ్యా ఇది, దీనికి తెలవదా?"

నేను నా వేలు అక్కడ పెట్టాను. నాకేం తెలియలేదు. "ఏమీ లేదు మంగేనీ" అన్నాను.

"మీకు తెలవదు టీచరమ్మా, జరగండి!" నన్ను భుజంతో నెట్టేశాడు. కత్తి ఎటో విసిరేశాడు. చేపను నీళ్ళలోకి దించి, మూతి మాత్రం పైకి ఉండేలా అరచేతిలో పట్టుకున్నాడు. "మూతి మునిగితే చస్తది ఇది. చేపే గానీ దీనికి గాలి కావాలి. ఒరేయ్, చల్లనీళ్ళు తెండి! కొంచెం కొంచెం పొయ్యండి, మీద కాదు, పక్కన!"

పిల్లలు పరిగెత్తారు. చచ్చిందని మేమంతా వదిలేసిన దానికోసం, చస్తే బాగుండునని ఇందాకటి నుంచీ కూర్చున్నవాడు ఒక్కడే పోట్లాడుతున్నాడు. అతని కాళ్ళు తిమ్మిరెక్కాయి, మార్చలేదు. గింజలు మాడుతున్న వాసన వచ్చింది, లేవలేదు. "రా తల్లీ, లే, లే మరి," అని సామియా మాటల్లో ఏదేదో గొణుగుతున్నాడు. ఎండ బట్టీ అవతలికి వాలింది.

చేప నోరు తెరిచింది. గప్పుమని గాలి మింగింది.

ఆ తర్వాత ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో, ఎవరు నీళ్ళలో పడ్డారో నేను చెప్పలేను. నముబిరు నా మెడకు వేలాడింది. ముత్యాబా వచ్చి మంగేని పక్కన చతికిలబడ్డాడు. అతని భుజం పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. మంగేని మాత్రం "చూశావా? చూశావా? నేను చెప్పానా?" అని అదే మాట పదిసార్లు అన్నాడు.

పొద్దు గుంకకముందే, బడి బేసినులో ఉన్నదాన్ని కూడా తెప్పించి, చేపలన్నిటినీ జమ్ము మధ్య ఇంకా నీళ్ళున్న కాలువకు తీసుకెళ్ళాం. ఆ పెద్దదాన్ని మంగేని ఎవరికీ ఇవ్వలేదు. తొడల లోతు దిగి తనే వదిలాడు. అది ఒక్కసారి తోక ఆడించి నల్లటి నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఒడ్డుకు వచ్చాక ముత్యాబా అడిగాడు. "నిజం చెప్పు మంగేనీ. టీచరు కూడా చచ్చిందనేసింది. చప్పుడు చెయ్యకుండా కోసేస్తే ఎవరికి తెలిసేది?"

మంగేని బొటనవేలు బురద కడుక్కుంటూ దాన్నొకసారి చూసుకున్నాడు.

"దీనికి తెలిసేది" అన్నాడు.

మరుసటి రోజు బోర్డు మీద ఏడు లక్షణాలూ మళ్ళీ రాశాను. ఏదీ కొట్టివేయలేదు. కానీ చచ్చిపోయిందని నిర్ణయించే ముందు ఇంకొంచెం సేపు ఆగాలని కింద ఒక వాక్యం రాసి, పిల్లల చేత కూడా రాయించాను.